మెట్ల మీద రాజద్రోహం

ప్రతి మేడకీ ఒక రాజద్రోహి ఉండి తీరాలి. లేకపోతే ఆ మేడ మెట్లు శుభ్రంగా ఉండవు.

నవ్వకండి. బాగా ఆలోచించి, బాధ్యతగా చెబుతున్న మాట ఇది. మేడకి లిఫ్ట్ లేకపోయినా సర్దుకోవచ్చు. పార్కింగ్ లేకపోయినా తిట్టుకుంటూ బతికేయొచ్చు. కానీ "వీడు జనాన్ని తిరుగుబాటుకి ఎగదోస్తున్నాడు" అని ఇరుగుపొరుగుచేత ఒక్కసారైనా అనిపించుకున్న మనిషి లేని మేడలో మాత్రం అద్దెకి దిగకండి. అడ్వాన్స్ ఇచ్చే ముందు నీళ్ళు బాగా వస్తాయా అని అడుగుతాం కదా? ద్రోహి ఏ అంతస్తులో ఉంటాడని కూడా అడగాలి!

నమ్మకం కుదరడం లేదా? అయితే జర్మనీలో, మా స్టుట్‌గార్ట్‌లో ఓట్మర్ ఐజలె గారి సంగతి వినండి.

ఓట్మర్ ఉండేది కొండవాలు వీధిలో, అంతస్తుకో కాపురం చొప్పున ఉన్న పాత మేడలో. అన్నిటికన్నా కింద క్నోడ్లర్ అమ్మగారు ఒక్కరే ఉంటారు. ఎనభై దాటాయి. ఆ మధ్య తుంటి మార్చారు గానీ గొంతు మార్చలేదు. ఆ పైన ఓట్మర్, భార్య లియోబా. ఆ పైన బ్రేమెన్ నుంచి కొత్తగా దిగిన హార్మ్స్ అనే కుర్రాడు. ఉత్తరాదివాడు, పాపం, ఇక్కడి పద్ధతులు తెలియవు. చిట్టచివర పళ్ళ డాక్టరు బోప్ గారు, భార్య, ఇద్దరు మగపిల్లలు.

ఈ మేడని ఏలేది మాత్రం వీళ్ళెవరూ కాదు. ఒక చెక్క పలక.

దాని మీద చీపురు బొమ్మ, కింద "ఊడ్పు వారం" అని అక్షరాలు. పలక ఎవరి తలుపు పిడికి వేలాడితే, ఆ వారం మెట్లు, సెల్లారు, గుమ్మం ముందు కాలిబాట వాళ్ళ పూచీ. శనివారం పొద్దున ఊడ్చేసి, పలక తీసుకెళ్ళి పై వాళ్ళ పిడికి తగిలించాలి. పై అంతస్తు అయ్యాక మళ్ళీ కిందికి. ఎప్పుడో ప్రభువులు పెట్టిన కట్టుబాటట. ప్రభువులు పోయారు, చీపురు మిగిలింది.

మెట్ల మీద చెత్త ఉందా అని మాత్రం అడక్కూడదు. ఉండదు. పోయిన శనివారం ఊడ్చారు, అంతకుముందు శనివారం కూడా ఊడ్చారు. ఆ మెట్ల మీద పడాలంటే దుమ్ముకే భయం. అయినా ఊడవాలి. ఊడవడం కన్నా ముఖ్యం, ఊడ్చినట్టు వినపడాలి. అందుకే చెత్త ఎత్తే రేకు చేటని ఇనప రెయిలింగ్‌కి కొడతారు. టంగుమని మోగితే మేడంతా తెలుస్తుంది, మర్యాదస్తుడు ఒకడు తన వంతు చేస్తున్నాడని. డాక్టర్ బోప్ ఒక శనివారం మెట్టు మెట్టుకీ చేట మోగిస్తూ పై నుంచి కింది దాకా దిగాడు. దిగాక చూసుకుంటే చీపురు ఇంట్లోనే మర్చిపోయాడు. ఎవరైనా తప్పు పట్టారా? లేదు. చక్కగా మోగింది కదా!

నాలుగు వారాలకి ఒక్క శనివారమే కదా, దానికింత గోలేమిటి అంటారేమో. అక్కడే పొరపడ్డారు. మిగతా శనివారాలు ఇంట్లోనే ఉండాలి. లేకపోతే పక్కవాడు ఊడ్చాడో లేదో ఎవరు వింటారు?

ఇదీ వ్యవస్థ. ఇందులో ఓట్మర్ లాంటి మనిషి ద్రోహి అవుతాడని ఎవరూ కలలో కూడా అనుకోలేదు. ఆయన ఉద్యోగమే మనుషుల్ని చల్లార్చడం. నీళ్ళ పంపులు చేసే ఒక కంపెనీలో ఫిర్యాదులు వినే సీటు ఆయనది. పంపు పాడై తోట మునిగిపోయినవాడు నిప్పులు కక్కుతూ ఫోన్ చేస్తే, ఆఖరికి వాడే "పాపం, మిమ్మల్ని విసిగించాను" అని క్షమాపణ చెప్పి పెట్టేసేవాడు. లియోబాదీ అలాంటి పనే. పసిపిల్లల్ని చూసుకునే బడిలో, తొట్టెలు వరసగా ఉండే గదిలో, ఒక చేత్తో ఒక తొట్టి, ఇంకో చేత్తో ఇంకో తొట్టి ఊపి నిద్రపుచ్చడం. ఆ ఇంట్లో గొడవ మొదలైనా, ఇద్దరిలో ఎవరో ఒకరు ఆవలించి ముగిసిపోయేది.

చిక్కు వచ్చింది చెర్రీల దగ్గర.

ఊరి చివర కొండ మీద వాళ్ళకో తోటముక్క ఉంది. లియోబా వాళ్ళ నాన్న ఇచ్చింది. నాలుగు చెర్రీ చెట్లు, ఒక రేకుల కొట్టు, విరిగిన బెంచీ. జూన్‌లో కాయ ఎర్రబడగానే పిట్టలు దిగుతాయి. వారమంతా ఇద్దరికీ ఉద్యోగాలు, ఆదివారం ఆవిడకి చర్చి పాటల బృందం. మిగిలేది శనివారం. ఆ శనివారం ఓట్మర్ చెవి తలుపుకి ఆనించి కూర్చుంటాడు. వీళ్ళు తోటకి చేరేసరికి పిట్టలు భోంచేసి, గింజలు ఉమ్మేసి, కొమ్మల మీద కునుకు తీస్తుంటాయి. ఎన్నో ఏళ్ళుగా ఆ చెర్రీల రుచి పిట్టలకే తెలుసు.

ఈ ఏడు మే నెలాఖరులో లియోబా నిచ్చెనకి రంగు వేసింది. వేసి, బ్రష్షు కడుక్కుంటూ చెప్పింది.

"ఓట్మర్, ఈసారి శనివారాలు పొద్దున్నే బయల్దేరుతున్నాను. నువ్వొస్తావో, నీ చీపురుతో ఉండిపోతావో, మీరిద్దరూ మాట్లాడుకుని చెప్పండి."

"అలా అంటే ఎలా? ఈ శనివారం మన వంతు. వచ్చే శనివారం ఆ హార్మ్స్‌ది. కొత్తవాడు. వినకపోతే బాగుండదు."

"మా బడిలో పిల్లలు నయం. పక్క తొట్టిలో వాడు ఏడిస్తేనే చూస్తారు. ఏడుస్తాడేమోనని కూర్చోరు."

ఆ మాట పట్టుకుని ఓట్మర్ శనివారం పొద్దున మెట్ల మీదకి వచ్చాడు. పక్కన బకెట్టు, చేతిలో చీపురు, చేటలో ఏమీ లేదు. పై నుంచి హార్మ్స్ సైకిల్ హెల్మెట్ పెట్టుకుని దిగుతున్నాడు.

"గుడ్ మార్నింగ్, ఐజలె గారూ. ఏమైనా ఒలికిందా?"

"లేదు."

"మరి ఏం ఊడుస్తున్నారు?"

పాఠకుల్లారా, ఒక సామ్రాజ్యం కూలడానికి ఇంతకన్నా పెద్ద ప్రశ్న అక్కర్లేదు. ఓట్మర్ చేటలోకి చూశాడు. మెట్టు వంక చూశాడు. ఆ తర్వాత, జీవితంలో మొదటిసారి, చల్లార్చడం మర్చిపోయాడు.

"అదే నాకూ అర్థం కావడం లేదు బాబూ. దుమ్ము ఉన్నప్పుడు ఊడిస్తే సరిపోదా? ఒక్క శనివారం అందరం మానేస్తే మేడేమైనా పడిపోతుందా?"

కింద తలుపు వేలెడు సందు తెరుచుకుని ఉంది. శనివారాలు అది ఎప్పుడూ అంతే తెరుచుకుని ఉంటుంది. ఆ సందులోంచి క్నోడ్లర్ అమ్మగారి గొంతు వచ్చింది.

"ఆఫ్‌వీగ్లర్!"

హార్మ్స్ హెల్మెట్ సర్దుకుని మాయమయ్యాడు. ఓట్మర్ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆఫ్‌వీగ్లర్ అంటే జనాన్ని ఎగదోసి తిరగబడేలా చేసేవాడు. చిన్న మాట కాదది. ఈ కొండల్లోనే రైతులు కొడవళ్ళూ పంగలకర్రలూ పట్టుకుని దొరల కోటల మీదకి పోయిన కాలం నాటి మాట. అప్పట్లో ఆ పేరు పడ్డవాడికి తల మిగిలేది కాదు. ఇప్పుడు ఓట్మర్‌కి పడింది, అదీ ఉన్ని స్వెట్టర్‌లో, ఖాళీ చేటతో.

"ఏమిటి, మొహం అలా ఉంది?" అంది లియోబా, ఆయన లోపలికి రాగానే.

"నన్ను ఆఫ్‌వీగ్లర్ అన్నారు."

"నిన్నా? పాలు పొంగించడం కూడా చేతకాని నిన్నా?" అని నవ్వి, ఆయన మొహం చూసి ఆపేసింది. "ఎవరన్నారు?"

"కింద అమ్మగారు. గట్టిగా అన్నారు. డాక్టర్ గారికి కూడా వినపడే ఉంటుంది."

ఆ మధ్యాహ్నం ఓట్మర్ నిఘంటువు దించాడు. నింద పడ్డప్పుడు మర్యాదస్తుడు లాయరు దగ్గరికి పోతాడు. మరీ మర్యాదస్తుడు నిఘంటువు దగ్గరికి పోతాడు. మన భాషలో అయితే వెతకాల్సిన పని లేదు. ఉసిగొల్పడం అన్నామంటే అందులో కుక్క మొరుగుతూనే ఉంటుంది. ఆయన కూడా అలాంటిదేదో, కత్తో కాగడానో కనపడుతుందనుకుని భయపడుతూ పేజీ తిప్పాడు.

కనపడింది వేరు. ఆ మాట మూలంలో ఉన్నది అటూ ఇటూ కదలడం, ఊగడం. అంతే. ఊగిసలాడే దాన్ని ఇంకాస్త ఊపడం. పిల్లల తొట్టిని ఇక్కడ వీగె అంటారు కదా, అదీ ఆ వంశంలోదేనట.

"లియోబా! ఇలా రా! ఆఫ్‌వీగ్లర్‌కీ తొట్టికీ చుట్టరికం!"

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "అయితే ఇన్నేళ్ళూ నేను చేసింది రాజద్రోహమా?"

"అదే కదా! కాస్త ఊపడం. అందులో తప్పేముంది?"

ఆవిడ ఏదో అనబోయి, నిఘంటువు మూసి, నిచ్చెన ఆరిందో లేదో చూడటానికి వెళ్ళిపోయింది.

ఇక్కడ ఆగి, ద్రోహి అనే పేరు పడటం వల్ల కలిగే లాభాలు మీకు చెప్పాలి. మొదట నడుం నొప్పి తగ్గుతుంది. ఓట్మర్ సోమవారం ఆఫీసుకి నిటారుగా వెళ్ళాడు. తర్వాత జనం మీ మాట వింటారు. రొట్టెల షాపులో ఎప్పుడూ ఆయన్ని దాటేసి వెనకవాణ్ణి పలకరించే అమ్మాయి, ఆ రోజు "మీకేం కావాలి?" అని ఆయన్నే అడిగింది. నిటారుగా ఉన్నవాడు కనపడతాడు మరి! పంపు పాడైనవాడు ఫోన్ చేస్తే "మీకు కోపం రావడం న్యాయమే" అనేశాడు. అవతలివాడు బెదిరిపోయి లైన్ కట్ చేశాడు.

అన్నిటికన్నా పెద్ద లాభం స్నేహితులు. స్నేహితులు ఎక్కడ దొరుకుతారనుకున్నారు? సెల్లారులో.

మంగళవారం సీసాల పెట్టె తేవడానికి దిగితే, బంగాళాదుంపల బస్తా వెనక నుంచి డాక్టర్ బోప్ చెయ్యి పట్టుకున్నాడు.

"ఐజలె గారూ, భలే అన్నారండీ. నా మనసులో మాట!"

"అవునా డాక్టర్ గారూ?"

"ఎన్నేళ్ళ నుంచో! మా ఆవిడ కూడా అదే అంటోంది. మీరు కానివ్వండి. మీ వెనక మేమున్నాం." అని అటూ ఇటూ చూసి, గొంతు ఇంకా తగ్గించాడు. "ఈ సంగతి మెట్ల మీద మాత్రం మాట్లాడొద్దు."

బుధవారం అదే సెల్లారులో, సైకిల్ గాలి కొడుతూ, హార్మ్స్ దొరికాడు. అతనిదీ అదే మాట. మీరు చెయ్యెత్తండి, నేనూ ఎత్తుతాను! ఓట్మర్ లెక్క చూసుకున్నాడు. నాలుగు గడపల్లో మూడు. ఇక చెర్రీలు పండినట్టే.

గురువారం సాయంత్రం క్నోడ్లర్ అమ్మగారు మేడవాళ్ళందరినీ కాఫీకి పిలిచారు. ఆవిడ కాఫీకి పిలిచారంటే విచారణ. హాల్లో గుండ్రటి బల్ల, జడలా అల్లిన తీపి రొట్టె, మధ్యలో ముఖమల్ గుడ్డ మీద ఆ చెక్క పలక. ఆ వారం పిడికి తగిలించుకోవాల్సిన హార్మ్స్ దగ్గర్నుంచి ఆవిడే అడిగి తెచ్చుకున్నారట, సాక్ష్యం కోసం.

"ఐజలె గారికి మన పద్ధతి నచ్చలేదట. ఏం కావాలో చెప్పమనండి," అన్నారు అమ్మగారు, రొట్టె కోస్తూ.

"పద్ధతి నచ్చకపోవడం కాదండీ," అన్నాడు ఓట్మర్. పాత అలవాటు క్షమాపణ చెప్పబోయింది. మింగేశాడు. "దుమ్ము ఉన్నప్పుడు ఊడుద్దాం అంటున్నాను. శనివారమే అని కాకుండా."

"దుమ్ము ఉందని ఎవరు తేలుస్తారు?"

"చూసినవాళ్ళు."

"చూసినవాళ్ళు చూడలేదంటే?"

ఓట్మర్ స్నేహితుల వైపు చూశాడు. డాక్టర్ బోప్ రొట్టెలో ఎండుద్రాక్షని పంటి కింద పరీక్షిస్తున్నాడు. హార్మ్స్ పలక మీద బొమ్మని చాలా శ్రద్ధగా చూస్తున్నాడు, చీపురు ఏ జాతిదో తేల్చేవాడిలా.

"సరే. ఐజలె గారి మాట కావాలన్నవాళ్ళు చెయ్యెత్తండి," అన్నారు అమ్మగారు.

ఓట్మర్ ఎత్తాడు. లియోబా ఎత్తింది. డాక్టర్ గారికి ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో రొట్టె, ఇక ఎత్తడానికి చేతులేవి? డాక్టర్ భార్య ఆయన వైపు చూసింది, ఆయన రొట్టె వైపు చూశాడు. హార్మ్స్ చెయ్యి కాస్త లేచింది. లేచి, జుట్టు సవరించుకుని, దిగింది.

చూశారా మధ్యతరగతి ధైర్యం! సెల్లారులో సింహం. అంతస్తు ఎక్కేకొద్దీ పిల్లి.

ఓట్మర్ చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. దించడం మర్చిపోయాడో, దించడానికి సిగ్గుపడ్డాడో. అది చూసి డాక్టర్ బోప్‌కి కాస్త పాపం అనిపించినట్టుంది. కప్పు కింద పెట్టాడు.

"అమ్మగారూ, నేనొకటి చెప్పనా? పలక పలకలాగే తిరగనిద్దాం. వారం వారం, గడప గడపకీ. అందులో మార్పు లేదు. ఊడవడం అంటారా, అది ఎవరి మనస్సాక్షి వాళ్ళది."

అమ్మగారు ఆలోచించారు. ఓట్మర్ వైపు చూసి నవ్వారు, గెలిచినవాళ్ళ నవ్వు. "నాకేం అభ్యంతరం లేదు. ఈ మేడలో మనస్సాక్షి లేనివాళ్ళు ఎవరున్నారు గనక?"

ఆ శనివారం ఓట్మర్, లియోబా తెల్లవారగానే తోటకి పోయారు. చెవిని ఇంట్లో వదిలేసి పోయాడు ఓట్మర్. ఆ పొద్దు గురించి ఎక్కువ చెప్పను, కుళ్ళుకుంటారు. పిట్టలకన్నా ముందు చేరారు. లియోబా నిచ్చెన మీద, ఆయన కింద బుట్ట పట్టుకుని. ఆవిడ రెండు తెంపి బుట్టలో వేసి, మూడోది ఆయన నోట్లో పెట్టేది. "ఎలా ఉంది?" అంటే "నాకు ఇన్నాళ్ళూ తెలియదు," అన్నాడు. పిట్టలు వైరు మీద వరసగా కూర్చుని, ఈ అన్యాయం ఏమిటన్నట్టు చూశాయి.

సాయంత్రం ఇంటికొచ్చి, సంతోషం పట్టలేక, గడప గడపకీ ఒక గిన్నెడు చెర్రీలు పంచాడు. క్నోడ్లర్ అమ్మగారికి కూడా. ఆవిడ తలుపు సందులోంచి చెయ్యి చాపి, గిన్నె తీసుకుని, "లంచమా?" అని తలుపేసుకున్నారు.

తర్వాతి వారాల్లో మేడలో స్వేచ్ఛ నెలకొంది. పలక మహా క్రమంగా తిరిగింది. హార్మ్స్ పిడి మీద నుంచి డాక్టర్ గారి పిడికి, డాక్టర్ గారి పిడి మీద నుంచి అమ్మగారి పిడికి. చీపురు మాత్రం కదల్లేదు. రెండో అంతస్తు మలుపులో ఒక ఎండుటాకు వచ్చి పడింది. మొదట్లో అందరూ దాన్ని దాటి వెళ్ళారు. తర్వాత దానికి తోడుగా హార్మ్స్ సైకిల్ బురద, డాక్టర్ గారి పిల్లల ఫుట్‌బాల్ గడ్డి, ఎవరిదో బస్ టికెట్టు వచ్చి చేరాయి. కింద మెట్లు అమ్మగారు తన వారంలో, చెయ్యి రెయిలింగ్‌కి ఆనించుకుని, తనే ఊడ్చుకున్నారు. పైకి ఎక్కలేకపోయారు.

ఓట్మర్ ఎదురుపడితే మాత్రం ఒకటే అభినందనలు. "మీ పుణ్యమా అని శనివారాలు నిద్రపోతున్నామండీ!" అన్నాడు డాక్టర్ బోప్. హార్మ్స్ అయితే ఆయన్ని తన స్నేహితులకి పరిచయం చేశాడు. "మా మేడలో విప్లవం తెచ్చింది ఈయనే." ఆ మాట అంటూ ఆ ఎండుటాకు మీంచి కాలు వేశాడు.

ఊపినవాడికి ఇంతకన్నా ఏం కావాలి? ఓట్మర్‌కి ఏమీ అక్కర్లేకపోయేది, ఆ చెర్రీ గింజ లేకపోతే.

తన వారం ముగిశాక, శనివారం పొద్దున, పలక పై వాళ్ళ పిడికి తగిలించడానికి అమ్మగారు మెట్లెక్కారు. రూలు రూలే కదా. డాక్టర్ గారి పిల్లలు ఎప్పుడో మెట్ల మీద కూర్చుని చెర్రీలు తిని, ఎవరి గింజ ఎంత దూరం పడుతుందో పందెం వేసుకున్నారు. అందులో ఒక గింజ ఓట్మర్ గుమ్మం ముందు మెట్టు మీద, ఎవరి మనస్సాక్షికీ తగలకుండా ఉండిపోయింది.

ఓట్మర్ బుట్ట పట్టుకుని తోటకి బయల్దేరుతూ తలుపు తీశాడు. అమ్మగారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. ఒక చెప్పు కింద పడి ఉంది. ఒళ్ళో పలక.

"అమ్మగారూ! పడ్డారా?"

"పడలేదు. కూర్చున్నాను. మీ రాజ్యం ఎలా ఉందో చూద్దామని." పలకని దగ్గరికి లాక్కున్నారు. "రెయిలింగ్ అందింది కాబట్టి సరిపోయింది. లేకపోతే రెండో తుంటి కూడా మార్చేవాళ్ళు. ఆ తర్వాత నన్ను ఇంట్లో ఉండనివ్వరు. ఏ వృద్ధాశ్రమంలోనో పడేస్తారు. అక్కడ ఎవరి తలుపుకీ పలక ఉండదట, తెలుసా?"

ఓట్మర్ చెప్పు తెచ్చి కాలికి తొడిగాడు. లేపి, కిందికి దించి, ఇంట్లో కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ పలక ఆయన చేతిలో పెట్టారు.

"తీసుకోండి, ఆఫ్‌వీగ్లర్ గారూ. మీ వంతు."

ఓట్మర్ లియోబాని పంపించేసి, చీపురు తీశాడు. నాలుగు మెట్లు ఊడ్చి, అలవాటుగా చేటని రెయిలింగ్‌కి కొట్టాడు. టంగు!

పైన తలుపు దభాలున తెరుచుకుంది. డాక్టర్ బోప్ పైజమాలో పరుగున దిగాడు.

"ఐజలె గారూ! మీరా? మీరే ఇలా చేస్తే ఎలా?"

"గింజలు పడి ఉన్నాయండీ. అమ్మగారు జారారు."

"అయ్యో పాపం. కానీ మీరు చేట కొడితే మా ఆవిడ వింటుంది. విని, వాళ్ళు ఊడుస్తున్నారు మనమెందుకు ఊడవం అంటుంది. మీరు మొదలుపెట్టిన ఉద్యమం ఇది. దీనికి మీరే వెన్నుపోటు పొడుస్తారా?"

వెనకాలే హార్మ్స్ తల. "డాక్టర్ గారన్నది నిజమే ఐజలె గారూ. మిమ్మల్ని చూసే కదా మేం ధైర్యం తెచ్చుకున్నాం!"

ఇదీ మన కాలం వింత. ఊడవొద్దన్నందుకు ద్రోహి అన్నారు. ఊడిస్తే కూడా ద్రోహే! ఓట్మర్ చల్లార్చే మనిషి కదా. "సరే సరే, క్షమించండి," అని చేట సంకలో పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ ఊళ్ళో ఒక గంటా రెండు గంటలు నిశ్శబ్దం పాటిస్తారు. మేకు కొట్టకూడదు, కుర్చీ జరపకూడదు. మేడంతా కునుకు తీస్తుంది. అప్పుడు మొదటి అంతస్తు తలుపు చప్పుడు కాకుండా తెరుచుకుంది. మేజోళ్ళతో ఒక మనిషి బయటికి వచ్చాడు. పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా, ఆకు, బురద, గడ్డి, గింజలు, ఒక్కటి వదలకుండా ఊడ్చాడు. చేటని గుండెకి ఆనించి పట్టుకున్నాడు, ఎక్కడా తగలకుండా.

ఆ వారం ఆయన వంతు కాబట్టి ఊడ్చాడు. మరి తర్వాతి వారం? ఆ తర్వాతది? పలక తిరుగుతూనే ఉంది, శనివారం మధ్యాహ్నం మేజోళ్ళు దిగుతూనే ఉన్నాయి. "మెట్లు వాటంతటవే శుభ్రంగా ఉంటున్నాయి. నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను!" అంటాడు డాక్టర్ బోప్, పేషెంట్ల నోట్లో చేతులు పెట్టి, వాళ్ళు కాదనలేని సమయంలో.

తోటకి ఓట్మర్ ఇప్పుడు సాయంత్రం బస్సులో చేరుతున్నాడు. పొద్దున లియోబా ఒక్కతే నిచ్చెన ఎక్కుతుంది. ఒక చేత్తో కోస్తుంది, ఒక చేత్తో పిట్టల్ని తోలుతుంది. రెండు పనులూ సగం సగమే అవుతాయి. ఆయన కోసం ఒక గిన్నెలో కొన్ని తీసి మూతపెట్టి ఉంచుతుంది. మొన్న ఆయన విరిగిన బెంచీ మీద కూర్చుని అవి తింటుంటే అడిగింది.

"మేజోళ్ళ అడుగున నలుపు ఎక్కడిదోయ్?"

ఆయన కాళ్ళు బెంచీ కిందికి లాక్కున్నాడు.

"ఆ రోజు నిఘంటువు చూసి గంతులేశావు చూడు, అప్పుడే చెబుదామనుకున్నాను. బాధపడతావని ఊరుకున్నాను." ఆయన పక్కన కూర్చుంది. "ఏళ్ళ తరబడి తొట్టెలు ఊపిన చెయ్యి ఇది. తొట్టి ఊపేది లేపడానికి కాదు ఓట్మర్. పడుకోబెట్టడానికి. పడుకున్నాక మెలకువగా ఉండాల్సింది ఊపినవాళ్ళే."

అయ్యా, అమ్మా, ఇప్పుడు చెప్పండి. ప్రతి మేడకీ ఒక రాజద్రోహి కావాలా, వద్దా?

ఒక్క సంగతి మర్చిపోయాను. పోయిన శనివారం, మధ్యాహ్నం నిద్ర వేళ, ఓట్మర్ కింది మెట్ల దాకా వచ్చేసరికి పైన ఎవరిదో తలుపు గడియ కదిలింది. ఆయన బిగుసుకుపోయాడు. వెంటనే కింద, వేలెడు సందులోంచి, గట్టిగా దగ్గు వినిపించింది. పై గడియ మళ్ళీ పడిపోయింది. అమ్మగారు మేలుకున్నారంటే ఎవరు దిగుతారు?

కాసేపాగి ఆ సందులోంచే గుసగుస వచ్చింది.

"పోయారు లెండి. కానివ్వండి. ఆ మూల వదిలేశారు, ద్రోహిగారూ."

మీ మేడ మెట్లు శుభ్రంగా ఉంటున్నాయా? వాటంతటవే ఉంటున్నాయనుకుంటున్నారా? అయితే ఎవరా అని ఆరా తీయకండి. దొరికితే థాంక్స్ చెప్పాల్సి వస్తుంది. చెప్పాక, మర్యాదకైనా చీపురు అందుకోవాల్సి వస్తుంది. హాయిగా పడుకోండి.